రోజుకి మూడుసార్లు బ్రష్ చేస్తున్నా నోటి వాసన పోవడం లేదు, అసలు ఎక్కడ చూపించుకోవాలి?

మూడోమెట్టు:

అందరికీ నమస్కారం. ఎవరినీ ఎదురుగా అడగలేక ఇక్కడ రాస్తున్నాను. నా వయసు 36. పోయిన నెల ఒక రాత్రి మా పాపకి కథ చెబుతున్నాను. ఐదేళ్లది, పక్కనే పడుకుని నా ముఖంలోకి చూస్తూ వినడం దానికి అలవాటు. కథ సగంలో ఉండగా తన చిన్న అరచేయి తెచ్చి నా నోటికి అడ్డం పెట్టి, "నాన్నా, అటు తిరిగి చెప్పవా, వాసనొస్తోంది" అంది. కోపం లేదు, అసహ్యం లేదు, దానికి కథ కావాలి అంతే. నేను గోడవైపు తిరిగి మిగతా కథ పూర్తి చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆలోచిస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆఫీసులో స్క్రీన్ మీద ఏదైనా చూపిద్దామని వంగితే పక్క సీటతను కుర్చీ వెనక్కి జరుపుకోవడం, నేను మాట్లాడడం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు చూయింగ్ గమ్ ఇవ్వబోవడం, ఇవన్నీ ఇన్నాళ్లూ మామూలు విషయాలే అనుకున్నాను. పొద్దున్న మా ఆవిడని సూటిగా అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రెండేళ్లుగా ఉంది, నువ్వు బాధపడతావని చెప్పలేదు" అంది. రెండేళ్లు! నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. ఇప్పటికీ చేతిలోకి ఊది చూసుకుంటే నాకేమీ అనిపించదు.

అప్పట్నుంచీ రోజుకి మూడుసార్లు బ్రష్ చేస్తున్నాను, ఘాటైన మౌత్‌వాష్ పొద్దున్నా రాత్రీ పుక్కిలిస్తున్నాను, జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉంటున్నాయి. మందుల షాపులో అడిగితే కడుపులో గ్యాస్ వల్ల అని మాత్రలు ఇచ్చారు, పదిహేను రోజులు వాడాను. మా ఆవిడ ఉన్న మాట చెబుతుంది, మౌత్‌వాష్ చేసిన అరగంట బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే అంటోంది. మీటింగుల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాను, కొన్నిసార్లు చెప్పాల్సింది కూడా చెప్పకుండా ఊరుకుంటున్నాను.

పంటి నొప్పి లేదు. సిగరెట్, పొగాకు అలవాటు లేదు. షుగర్ లేదు, మొన్నే పరీక్ష చేయించాను. ఒక విషయం మాత్రం ఉంది, అవసరమో కాదో తెలియదు కానీ చెబుతున్నాను. కింద పళ్ల దగ్గర బ్రష్ చేస్తే ఏడాది పైగా కొద్దిగా రక్తం వస్తోంది, అందుకని అక్కడ గట్టిగా రుద్దడం మానేశాను. పొద్దున్న లేచేసరికి నోరు ఎండిపోయి నాలుక అంగిట్లో అతుక్కున్నట్టు ఉంటుంది. ఇది కడుపు సమస్యా, పళ్ల సమస్యా? ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.


నిమ్మచెట్టు:

బ్రదర్, ఇది కచ్చితంగా కడుపు నుంచే. అరగనిదంతా లోపల ఉండిపోతే ఆ వాసన పైకి తన్నుకొస్తుంది. వారం రోజులు పొట్ట శుభ్రం చేసుకో, రెండు రోజులు ఉపవాసం ఉండు, మొత్తం సర్దుకుంటుంది. మా ఇంట్లో అందరం ఇదే నమ్ముతాం.


చిగురుటాకు:

మూడోమెట్టు గారూ, నేను డెంటిస్టుని, ముఖ్యంగా చిగుళ్ల జబ్బులు చూస్తాను. మీరు "అవసరమో కాదో తెలియదు" అని చివర్లో రాసిన వాక్యమే మీ పోస్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. ఏడాది పైగా చిగుళ్ల నుంచి రక్తం వస్తోంటే అక్కడ వాపు ఉందన్నమాట. ముందు డెంటిస్టు దగ్గరికి వెళ్లండి. కడుపు డాక్టర్ ఇప్పుడే అక్కర్లేదు.

ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా చేస్తే మళ్లీ మౌత్‌వాష్ సీసాల దగ్గరికే వస్తారు.

నోటి దుర్వాసన ఉన్నవాళ్లు పదిమంది వస్తే అందులో ఎనిమిది తొమ్మిది మందికి వాసన పుట్టేది నోట్లోనే. నాలుక వెనక భాగం, చిగుళ్ల కింద, పళ్ల సందులు, ఈ మూడు చోట్లా గాలి తగలదు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియాకి అవే మంచి ఇళ్లు. రాలిపోయిన చర్మకణాలు, ఉమ్మిలోని ప్రొటీన్లు, చిగుళ్ల నుంచి కారే రక్తం, ఇవన్నీ వాటికి తిండి. ఆ ప్రొటీన్లలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఉంటాయి, వాటిని విరగ్గొట్టినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్‌కాప్టన్ అనే వాయువులు వస్తాయి. మొదటిది కుళ్లిన గుడ్డు వాసన, రెండోది మురిగిన క్యాబేజీ వాసన. వంట గ్యాస్ లీకైతే మనకి తెలియాలని అందులో కలిపే పదార్థం కూడా ఈ మెర్‌కాప్టన్ల కుటుంబానిదే. అంటే అతి కొద్దిగా ఉన్నా మనిషి ముక్కు పసిగట్టేస్తుంది. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో మిథైల్ మెర్‌కాప్టన్ వాటా ఎక్కువగా ఉంటుంది, అందుకే ఆ వాసన మామూలు పొద్దుటి వాసనకన్నా వేరుగా, ముదురుగా ఉంటుంది.

మరి మీకెందుకు తెలియలేదు అంటే, ఎప్పుడూ ఉండే వాసనని ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. అత్తరు పూసుకున్న పది నిమిషాలకి మనకి తెలియదు, గదిలోకి వచ్చినవాళ్లకి తెలుస్తుంది, ఇదీ అంతే. చేతిలోకి ఊది చూసుకోవడం పనికిరాదు. మాట్లాడేటప్పుడు నాలుక వెనక నుంచి వచ్చే గాలి వేరు, ఊదినప్పుడు వచ్చేది వేరు. ఇంట్లో చూసుకోవాలంటే మణికట్టు లోపలి వైపు నాలుకతో ఒకసారి రాసి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి. ఇంకా మంచిది, వెనక దవడ పళ్ల మధ్య ఫ్లాస్ దారం దూర్చి తీసి ఆ దారాన్ని వాసన చూడండి. ఒక్కొక్క సందుకీ విడిగా చూడండి. ఏ సందు దగ్గర దారం గుప్పుమంటుందో అక్కడే పని ఉంది. కానీ అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం మీ పాపదీ, మీ ఆవిడదీ. క్లినిక్‌లో మేం చేసేదీ అదే, కొద్ది దూరం నుంచి వాసన చూసి 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తాం. గంధకపు వాయువులు కొలిచే మెషిన్లు ఉన్నాయి, కానీ ఇప్పటికీ శిక్షణ ఉన్న ముక్కునే ప్రామాణికంగా తీసుకుంటారు.

ఇప్పుడు మీ చిగుళ్ల సంగతి. రక్తం వస్తోందని రుద్దడం మానేశారు. దాదాపు అందరూ చేసే పని ఇదే, దీనివల్లే జబ్బు ముదురుతుంది. పాచి పేరుకోబట్టి చిగురు వాచింది, వాచింది కాబట్టి రక్తం, రక్తం చూసి మీరు బ్రష్ తీసేశారు, పాచి ఇంకా పేరుకుంది. పాచి గట్టిపడి గార అయితే ఇక ఏ బ్రష్‌కీ ఊడదు. ఆరోగ్యంగా ఉంటే చిగురుకీ పంటికీ మధ్య సందు 3 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, జబ్బు వస్తే అది లోతుగా సంచిలా తయారవుతుంది. 5, 6 మిల్లీమీటర్ల లోతు సంచిలోకి బ్రష్ వెళ్లదు, మౌత్‌వాష్ వెళ్లదు. అందుకే మీకు అరగంట వాసన తగ్గి మళ్లీ వస్తోంది. రోజుకి మూడుసార్లు కాదు, ఆరుసార్లు బ్రష్ చేసినా అక్కడికి చేరదు. చిగుళ్ల జబ్బుకి నొప్పి కూడా చాలామందిలో చివరిదాకా ఉండదు. నొప్పి లేదు కాబట్టి బాగానే ఉంది అనుకోవద్దు.

వెళ్లినప్పుడు "స్కేలింగ్ చేయండి" అని మాత్రమే అడగకండి, "చిగుళ్ల లోతులు కొలిచి చూడండి" అని అడగండి. సన్నటి గీతల కడ్డీతో ప్రతి పంటి చుట్టూ ఆరుచోట్ల కొలుస్తారు, పెద్ద నొప్పేమీ ఉండదు. లోతు ఎక్కువ ఉన్నచోట మత్తు ఇచ్చి వేరు మీది గార కూడా తీస్తారు. స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి, సందులు వస్తాయి అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ సందు ఎముక తగ్గడం వల్ల ముందే ఏర్పడింది, ఇన్నాళ్లూ గార దాన్ని కప్పేసింది. గార తీశాక కనబడుతుంది అంతే. కొన్ని రోజులు చల్లనివి తగిలితే జివ్వుమంటుంది, తర్వాత చాలామందికి తగ్గుతుంది.

అప్పటిదాకా ఇంట్లో ఏం చేయాలంటే, రోజుకి రెండుసార్లు చాలు, రెండేసి నిమిషాలు, మెత్తటి బ్రష్‌తో, పంటికీ చిగురుకీ కలిసే గీత మీద వాలుగా పెట్టి చిన్నగా కదపండి. రక్తం వచ్చిన చోట ఆపకండి, నెమ్మదిగా చేయండి. రాత్రి బ్రష్ చేసే ముందు ఫ్లాస్, లేదా సందు పెద్దగా ఉంటే సందుల్లోకి దూర్చే చిన్న బ్రష్. నాలుకని వెనక నుంచి ముందుకి నాలుక బద్దతో మెల్లగా లాగండి, నాలుగైదు సార్లు. చాలామంది నాలుక కొసనే గీసుకుంటారు, పూత ఉండేది వెనక. వాంతి వచ్చినట్టుంటే నాలుక బయటికి చాపి, ఊపిరి బిగపట్టి గీయండి, వారంలో అలవాటవుతుంది. రక్తం వచ్చేలా గీకవద్దు.


నిమ్మచెట్టు:

డాక్టర్ గారూ, మరి కడుపుకి అసలు సంబంధమే లేదంటారా? తేన్పు వచ్చినప్పుడు వాసన వస్తుంది కదా.


చిగురుటాకు:

తేన్పు వచ్చిన ఆ క్షణంలో వస్తుంది, నిజమే. కానీ మిగతా సమయమంతా అన్నవాహిక మూసుకునే ఉంటుంది, కడుపులో గాలి ఊపిరితో కలిసి బయటికి రావడానికి దారి ఉండదు. ఛాతీలో మంట, పుల్లటి నీళ్లు గొంతులోకి రావడం లాంటివి తరచూ ఉంటే అప్పుడు కడుపు సంగతి చూడాలి, అది కొద్దిమందికే. వీరికి అవేవీ లేవు. ఇక ఉపవాసం ఉంటే వాసన ఇంకా పెరుగుతుందండి. నమలడం లేకపోతే ఉమ్మి ఊరదు, పైగా ఒంట్లో కొవ్వు కరగడం మొదలై కీటోన్లు తయారవుతాయి, ఊపిరిలో అసిటోన్ వాసన వస్తుంది. మీరు మంచికే చెప్పారు, కానీ ఇలా కడుపు కడుపు అంటూ ఏళ్లు గడిపేసి పళ్లు కదిలాక వచ్చేవాళ్లని చూస్తుంటాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వెల్లుల్లి సంగతి మాత్రం వేరు. అందులోని ఒక గంధకపు పదార్థం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది, కాబట్టి ఎంత బ్రష్ చేసినా కొన్ని గంటలు ఉంటుంది, దానంతట అదే పోతుంది. అది జబ్బు కాదు. పొద్దున్న లేవగానే వచ్చే వాసన కూడా జబ్బు కాదు, రాత్రి ఉమ్మి దాదాపు ఆగిపోతుంది కాబట్టి అందరికీ ఉంటుంది, పళ్లు తోముకుని ఏదైనా తింటే పోవాలి. పోకపోతేనే ఆలోచించాలి.


ఉడతపిల్ల:

నాకు పళ్లు, చిగుళ్లు అన్నీ బాగున్నా మూడేళ్లు ఇదే బాధ. నా అనుభవం రాస్తే ఎవరికైనా పనికొస్తుందేమో. ఒకరోజు గట్టిగా దగ్గితే నోట్లోంచి బియ్యపు గింజలో సగం అంత తెల్లటి ముద్ద ఒకటి పడింది. అన్నం మెతుకు అనుకుని వేళ్ల మధ్య నలిపాను. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను, సబ్బుతో మూడుసార్లు కడిగినా వేళ్లకి అలాగే ఉంది. అప్పుడు టార్చి లైటు పెట్టి అద్దంలో చూసుకుంటే కుడివైపు టాన్సిల్ గుంటలో ఇంకొకటి తెల్లగా కనిపించింది.

ఈఎన్‌టీ డాక్టర్ చూసి టాన్సిల్ రాళ్లు అన్నారు. టాన్సిల్ మీద సహజంగానే గుంటలు ఉంటాయట, కొందరికి లోతుగా ఉంటాయి, వాటిలో చచ్చిన కణాలు, తిండి నలుసులు, బ్యాక్టీరియా చేరి గడ్డకడతాయి. ప్రమాదం ఏమీ కాదన్నారు. తిన్న తర్వాత గోరువెచ్చటి ఉప్పునీళ్లు గొంతుదాకా పోసి బాగా పుక్కిలించమన్నారు. పిన్నీసుతోనో, గోరుతోనో గుచ్చి తీయొద్దని గట్టిగా చెప్పారు, అక్కడ రక్తనాళాలు ఎక్కువట. నాకు పుక్కిలించడంతోనే చాలావరకు తగ్గింది. ఇంతకీ టాన్సిల్స్ తీయించుకోవాలా అని అడిగితే, మాటిమాటికీ జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా కేవలం వీటికోసం ఆపరేషన్ గురించి తొందరపడొద్దన్నారు.

గొంతులో ఏదో గుచ్చుకున్నట్టు ఉండడం, మింగితే చిన్నగా అడ్డుపడడం, దగ్గితే తెల్ల ముద్దలు రావడం, ఇవి ఉన్నవాళ్లు ఒకసారి టార్చి వేసి చూసుకోండి. సైనస్ ఉండి ముక్కు వెనక నుంచి చీమిడి గొంతులోకి కారుతున్నవాళ్లకి కూడా వాసన వస్తుందని ఆయనే చెప్పారు. ఇంకొకటి, చిన్న పిల్లల్లో ఒక్క ముక్కు రంధ్రం నుంచే కంపు, చీమిడి వస్తుంటే ఏదైనా పూసో, రబ్బరు ముక్కో లోపల దూర్చుకున్నారేమో చూపించాలట.


పాతసైకిల్:

మూడోమెట్టు గారికి ఇద్దరు మనుషులు చెప్పారు కాబట్టి వాసన నిజమే. కానీ ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లు కూడా ఉంటారు, వాళ్లకోసం రాస్తున్నాను.

నాకు వాసన లేదు. ఉందని ఎనిమిదేళ్లు నమ్మాను. కాలేజీలో ఎవరో ముక్కు తుడుచుకుంటే నా వల్లే అనుకున్నాను, అక్కడ మొదలైంది. ఆటోలో పక్కమనిషి కిటికీవైపు చూసినా, ఎదుటివాడు తుమ్మినా, కాస్త ఎడంగా నిలబడినా, అంతా నా నోటి వల్లే. రోజుకి ఏడెనిమిది సార్లు బ్రష్ చేసి చిగుళ్లు అరగదీసుకున్నాను. నలుగురు డెంటిస్టులు వాసన లేదన్నారు, మొహమాటానికి అబద్ధం చెబుతున్నారనుకున్నాను. మా అమ్మ దగ్గరికి వచ్చి వాసన చూసి లేదురా అన్నా నమ్మలేదు, తల్లి కదా అలాగే అంటుంది అనుకున్నాను. రెండు ఉద్యోగాలు వదిలేశాను.

ఐదో డెంటిస్టు ఒక మంచి పని చేశారు. నీకు వాసన లేదు పో అనలేదు. వేర్వేరు రోజుల్లో, మూడుసార్లు, నేను లేచి నోరు కడుక్కోకుండా వచ్చినప్పుడు కూడా చూసి, రాసి చూపించారు. తర్వాత "వాసన లేదు, కానీ నీ బాధ నిజం, దానికి వేరే డాక్టర్ ఉన్నారు" అని సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. దీనికి వైద్యంలో పేరు ఉందని అప్పుడు తెలిసింది, హాలిటోఫోబియా అంటారు. మందులు, కౌన్సెలింగ్ కలిపి ఏడాది పట్టింది. ఇప్పుడు రోజుకి రెండుసార్లే బ్రష్ చేస్తాను.

ఒక విషయం చదివాక నాకు చాలా తేలికపడింది. లిస్టరిన్ అనే మౌత్‌వాష్ 1879లో తయారైంది, అప్పుడు అది ఆపరేషన్లలో వాడే క్రిమిసంహారిణి. 1920లలో దాన్ని నోటికోసం అమ్మడానికి అమెరికాలో వరసగా ప్రకటనలు వేశారు. అప్పటిదాకా డాక్టర్లకి తప్ప ఎవరికీ పట్టని హాలిటోసిస్ (నోటి దుర్వాసన) అనే మాటని అందరి నోళ్లలోకీ తెచ్చారు, నీ స్నేహితులు కూడా నీకు చెప్పరు అంటూ జనానికి భయం పట్టించారు. నా తలలో రోజూ తిరిగే వాక్యం సరిగ్గా అదే. ఆ భయం వందేళ్ల నుంచీ మనుషులకి అమ్ముతున్నారని తెలిశాక దాని బలం కొంత తగ్గింది.

కాబట్టి నాలాంటివాళ్లు ఎదుటివాళ్ల ముఖాలు చూసి లెక్కలు వేసుకోవద్దు. నమ్మకమున్న ఒక్క మనిషిని అడగండి, ఒక డాక్టర్‌కి చూపించండి. ఇద్దరూ లేదంటే అక్కడితో ఆపి నాలాగే సైకియాట్రిస్టు సాయం తీసుకోండి.


గుమ్మంముందు:

మూడోమెట్టు గారి భార్య రెండేళ్లు ఎందుకు చెప్పలేకపోయారో నాకు బాగా అర్థమైంది. మా నాన్నగారి విషయంలో నేనూ అలాగే ఊరుకున్నాను. ఆయనకి కట్టుడు పళ్లు, బీపీకి మాత్రలు, దురదకి రాత్రిపూట ఒక మాత్ర. మనవళ్లు ఆయన ఒడిలో కూర్చోవడం తగ్గించేశారు, ఆయన గమనించి "పిల్లలు పెద్దవాళ్లయిపోయారు" అనేవారు. పిల్లల వయసు నాలుగు, ఆరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టయ్యేది, అయినా నోరు పెగల్లేదు.

చివరికి ఒకరోజు ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. "నాన్నా, ఈమధ్య మీ నోరు వాసన వస్తోంది, నోరు ఎండిపోతోందేమో, డాక్టర్‌కి చూపిద్దాం, నేను వస్తాను" అన్నాను, అంతే. ఆయన కోపగించుకోలేదు. కాసేపు కింద చూసి "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు. చెప్పాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే, నలుగురిలో వద్దు, సైగలు వద్దు, గమ్ముగా చూయింగ్ గమ్ చేతిలో పెట్టడం వద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క వాక్యంలో చెప్పి, వెంట మీరు వెళ్లండి.

డాక్టర్ ఆయన కట్టుడు పళ్లు బయటికి తీయించి చూపించారు. అంగిలికి తగిలే వైపు వేలితో రాస్తే జారుడుగా, పసుపుపచ్చగా ఒక పొర ఊడి వచ్చింది. ఆయన పదకొండేళ్లుగా రాత్రుళ్లు కూడా పెట్టుకునే పడుకుంటున్నారు. తీసి పడుకోవాలని ఆయనకి తెలియదు, మాకూ తెలియదు. ఇప్పుడు రాత్రి తీసి, మెత్తటి బ్రష్‌తో, సబ్బుతో తోమి, నీళ్లలో వేస్తారు. టూత్‌పేస్ట్‌తో తోమితే గీతలు పడి ఆ గీతల్లో మళ్లీ క్రిములు చేరతాయట.

ఇక నోరు ఎండిపోవడం. మనిషికి రోజుకి అర లీటరు నుంచి ఒకటిన్నర లీటర్ల దాకా ఉమ్మి ఊరుతుందట, నోటిని రోజంతా కడిగేది అదే. అలర్జీ మాత్రలు, డిప్రెషన్ మందులు, కొన్ని బీపీ మందులు దాన్ని తగ్గిస్తాయి. మా నాన్నగారికి డాక్టర్‌ని అడిగి ఆ రాత్రి మాత్ర మార్పించాం. సొంతంగా మాత్రం ఏ మందూ ఆపకండి. మూడోమెట్టు గారూ, మీకు పొద్దున్నే నోరు ఎండిపోతోంది అన్నారు, నోరు తెరుచుకుని పడుకుంటారేమో, గురక ఉందేమో మీ ఆవిడని అడగండి.


చిగురుటాకు:

గుమ్మంముందు గారు మంచి మాట గుర్తుచేశారు. ఎండిన నోటికి మౌత్‌వాష్‌లోని ఆల్కహాల్ ఇంకా ఎండు తెస్తుంది, కాబట్టి వాడితే ఆల్కహాల్ లేనిది వాడండి. జింక్ ఉన్నవి గంధకపు వాయువుల్ని కట్టేస్తాయి, కాస్త ఉపయోగం ఉంటుంది. క్లోర్‌హెక్సిడిన్ బలమైనది, డాక్టర్ చెప్పినన్నాళ్లే, మామూలుగా రెండు వారాలు. ఎక్కువ రోజులు వాడితే పళ్లమీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. పేస్ట్‌తో తోముకున్న వెంటనే కాకుండా అరగంట ఆగి వాడాలి. పిప్పరమెంట్లు చక్కెర ఉన్నవైతే పిప్పిపళ్లకి దారి, వాటికి బదులు చక్కెర లేని గమ్ నమిలితే ఉమ్మి ఊరుతుంది.

వాసన రకం మారితే మాత్రం నోటితో ఆగకండి. షుగర్ ఉన్నవాళ్ల ఊపిరి పళ్లరసం పులిసినట్టు, గోళ్లరంగు తుడిచే ద్రవంలా వాసన వస్తూ, వాంతులు, ఆయాసం ఉంటే అది అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో అమోనియా వాసన వస్తుంది. ఇవి అరుదు, కానీ తెలిసి ఉండాలి.


మూడోమెట్టు:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా డాక్టర్ గారికి.

ఆ వారమే వెళ్లాను. "లోతులు కొలవండి" అని అడిగాను. డెంటిస్టు అంకెలు చెబుతుంటే పక్కనున్న అసిస్టెంటు రాసుకుంది. మూడు, రెండు, మూడు, అలా వెళుతూ కింద వెనక పళ్ల దగ్గర ఐదు, ఆరు, ఐదు అని వినిపించాయి. నేను రుద్దడం మానేసిన చోటే. కింద ముందు పళ్ల లోపలివైపు అద్దం పెట్టి చూపించారు, పళ్లకీ చిగురుకీ మధ్య సున్నం పూసినట్టు గార కట్టేసి ఉంది, పదహారేళ్లుగా నేను నాలుకతో తడుముతూ అది నా పన్నే అనుకున్నాను. కుడి పక్కన పాత క్యాప్ ఒకటి అంచు లేచి కింద పిప్పి పట్టింది. ఫ్లాస్ దారం దాని పక్క నుంచి తీసి చూపిస్తే, జీవితంలో మొదటిసారి నా నోటి వాసన నాకు తెలిసింది. తల పక్కకి తిప్పుకున్నాను. మా పాప ఎంత మెల్లగా చెప్పిందో అప్పుడర్థమైంది.

రెండు సిట్టింగుల్లో చిగుళ్ల కింద కూడా శుభ్రం చేశారు, క్యాప్ తీసి పిప్పి తొలగించి కొత్తది పెట్టారు. మొదటి వారం చల్లనీళ్లు తాగితే జివ్వుమంది, ఇప్పుడు లేదు. రాత్రి సందుల్లో చిన్న బ్రష్, తర్వాత నాలుక బద్ద. మొదట్లో రక్తం చూసి భయమేసింది, ఆపకుండా చేశాను, మూడో వారానికి చాలావరకు ఆగింది. మా ఆవిడ, అవును, గురక ఉందనీ నోరు తెరుచుకునే పడుకుంటాననీ చెప్పింది. ముక్కు దిబ్బడకి చూపించుకున్నాను, ఆ వైద్యం ఇంకా నడుస్తోంది, పొద్దుటి ఎండు పూర్తిగా పోలేదు.

వాసన గురించి ప్రతి ఆదివారం మా ఆవిడని అడుగుతున్నాను, దాచకుండా చెప్పాలని ఒప్పందం. పోయిన ఆదివారం "మధ్యాహ్నం కొద్దిగా, దగ్గరికొస్తేనే" అంది. మీటింగుల్లో చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం అలవాటుగా ఇంకా జరుగుతోంది, గుర్తొచ్చినప్పుడు దించుతున్నాను. పాతసైకిల్ గారు రాసింది ఆ విషయంలో నాకు పనికొచ్చింది.

ఒక సందేహం. కింద ఎడమవైపు చివరి పన్ను ఒక్కదాని దగ్గర ఇంకా రక్తం వస్తోంది. మూడు నెలలకి రమ్మన్నారు. అప్పటిదాకా ఆగొచ్చా?


చిగురుటాకు:

ఆగకండి, ఫోన్ చేసి ఈ వారమే చూపించండి. మిగతావన్నీ తగ్గి ఒక్కచోట తగ్గలేదంటే అక్కడ లోపల గార ముక్క మిగిలి ఉండొచ్చు, లేదా మీ బ్రష్ ఆ పంటి వెనక్కి చేరకపోయి ఉండొచ్చు. చివరి పన్ను వెనక వైపుకి మామూలు బ్రష్ తల పెద్దదవుతుంది, ఒకే కుచ్చు ఉండే చిన్న బ్రష్ దొరుకుతుంది, అది వాడండి. నోరు పూర్తిగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని అడ్డం వస్తుంది, సగమే తెరిచి దవడ కొంచెం అదే వైపుకి జరిపితే చోటు దొరుకుతుంది. వెళ్లినప్పుడు వాళ్ల ముందే అద్దంలో చూస్తూ ఒకసారి మీరే చేసి చూపించండి.


మూడోమెట్టు:

ఇప్పుడే ఫోన్ చేశాను, గురువారం రమ్మన్నారు. దవడ పక్కకి జరిపే పద్ధతి ఇందాకే చేసి చూశాను, నిజంగానే బ్రష్ వెనక్కి వెళ్లింది. అక్కడికి ఇంతవరకు ఎప్పుడూ వెళ్లలేదని తగలగానే తెలిసింది.